నాది కూడా చల్లారింది, ఉస్తాద్!

మార్చి 3, ఆదివారం

పని దొరికింది. ఎనిమిది నెలలకి దొరికింది. పోయిన వేసవిలో పళ్ళపొడి పెట్టె మీద నవ్వే దవడపన్ను వేశాక నా కుంచెతో ఎవరికీ అవసరం పడలేదు.

హుద్‌హుద్ ప్రచురణల మేడమ్ ఇజ్లాల్ పిలిపించింది. కామిల్ బెహైరీ పాడిన "టీ చల్లారింది" పాటని పిల్లల బొమ్మల పుస్తకంగా వేద్దామంది. "నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలకి, ఉస్తాద్ ఫిక్రీ. కైరోలో ఆ పాట రాని పిల్లలు ఎవరున్నారు చెప్పండి? తల్లి కడుపులోనే నేర్చుకుని వస్తారు."

"చూద్దాం మేడమ్, చేతిలో వేరే పనులున్నాయి" అన్నాను. చేతిలో ఉన్నది సంచి. సంచిలో కిలో టమాటాలు.

మెట్లు రెండేసి చొప్పున దిగాను. సంతోషం అనుకుంటాను. అది మా నాన్న పాట. పాడింది కామిల్, ఒప్పుకుంటాను. రాసింది ఇంకెవరో, అదీ ఒప్పుకుంటాను. కానీ ఆ కచేరీ రికార్డులో "టీ చల్లారింది, మళ్ళీ కాచాను" అని ఆయన ఏడోసారి అనగానే హాలు వెనకాల నుంచి ఒక గొంతు అరుస్తుంది: "నాది కూడా చల్లారింది, ఉస్తాద్!" జనం గొల్లుమంటారు. కామిల్ కూడా నవ్వేస్తాడు. ఆ నవ్వు గొంతులో ఉండగానే ఎనిమిదోసారి ఎత్తుకుంటాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎవరు ఆ పాట పాడినా ఆ కేక కూడా పాడాల్సిందే, లేకపోతే జనం కుర్చీలు విరుస్తారు.

ఆ కేక మా నాన్నది. అప్పటికి నాకు నాలుగేళ్ళు. ఆ మరుసటి చలికాలమే ఆయన పోయాడు. ట్రాము కండక్టరు. నా దగ్గర ఆయన ఫొటోలు రెండు, టోపీ ఒకటి, టిక్కెట్లకి చిల్లు పొడిచే కటింగ్‌ప్లేయరు లాంటిది ఒకటి ఉన్నాయి. గొంతు మాత్రం ఆ నాలుగు మాటలే. అంతకుమించి నాకు గుర్తు లేదు.

బాల్కనీలోంచి పైఅంతస్తులో ఉన్న సమీహా అత్తకి, మా నాన్న తోబుట్టువుకి, చెప్పాను. తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతోంది, అందులో నా కోసం ఉడికిన చిక్కుళ్ళు. ఒక్క క్షణం తాడు ఆపింది.

"ఆ పాటేనా? వాళ్ళకి వేరే పాటే దొరకలేదా?" అంది.

సంతోషంలో ఏం మాట్లాడుతోందో ఆవిడకే తెలియదు.

మార్చి 5, మంగళవారం

హాజ్ మిద్‌హత్‌తో ఒప్పందం. ఈయన పాట రాసిన కవిగారి అల్లుడు, కార్ల బ్యాటరీల వ్యాపారం. మామగారు పోయాక పాట ఈయన చేతికి వచ్చింది. పాటని కూడా బ్యాటరీలాగే చూస్తాడు, ఎవరైనా ముట్టుకుంటే షాక్ కొట్టాలి.

బల్ల మీద టేపురికార్డరు పెట్టి నలభై ఏడు నిమిషాల పాటా మాకు వినిపించాడు. తస్బీహ్ పూసలు లాగుతూ లెక్కపెట్టాడు.

"పదకొండు. విన్నారు కదా? 'టీ చల్లారింది, మళ్ళీ కాచాను' అని పదకొండుసార్లు. పుస్తకంలో పది ఉంటే ఊరుకోను."

మేడమ్ ఇజ్లాల్ నచ్చజెప్పబోయింది. "హాజ్ గారూ, కాగితం మీద ఒకసారి ఉంటే చాలండీ. కావాలంటే పిల్లలే మళ్ళీ చదువుకుంటారు."

"చాలా? జనం వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని గొంతులు చించుకుంటే ఆయన పాడాడమ్మా! అదంతా దండగేనా? ఆ రోజు హాల్లో ఎవడైనా ఒక్కసారి విని ఇంటికెళ్ళాడా?"

ఎవరూ వెళ్ళలేదు. అందులో ఒకరి సంగతి నాకు బాగా తెలుసు. కాబట్టి నేను హాజ్ పక్షం తీసుకున్నాను. మేడమ్ నావైపు గుడ్లురిమి చూసింది.

మధ్యలో కామిల్ "ఓ రాత్రీ, ఓ కన్నూ" అని తొమ్మిది నిమిషాలు రాగం తీస్తాడు. దానికి ఆరు పేజీలు. మాటల్లేవు కాబట్టి ముదురు నీలం రంగు, అంతే.

"ఆరు పేజీల నీలంలో పిల్లలు ఏం చూస్తారండీ?" అంది మేడమ్.

"రాత్రిని చూస్తారు" అన్నాడు హాజ్ మిద్‌హత్.

మార్చి 6, బుధవారం

రికార్డు మూడుసార్లు విన్నాను. పని కోసమే.

మార్చి 10, ఆదివారం

ప్రేయసి కుదరదట. నాలుగేళ్ళ పిల్లల పుస్తకంలో ఒక మగాడు కిటికీలో కూర్చుని ఏడు రోజులుగా ఒక ఆడమనిషి కోసం టీ కాస్తూ ఉంటే ఏ బడీ కొనదంది మేడమ్. గంటన్నర చర్చించాం. చెల్లెలు అన్నారు. చెల్లెలు ఏడు రోజులు కనపడకపోతే అది పోలీసు కేసు. గాలిపటం అన్నారు. చివరికి పిల్లి దగ్గర తేలింది.

"పిల్లి టీ తాగుతుందా మేడమ్?"

"అయితే పాలు పెడదాం."

హాజ్‌కి ఫోన్ చేశాం. పిల్లి అంటే కోప్పడతాడనుకున్నాను, చప్పున ఒప్పుకున్నాడు. "పాటలో పేరేం లేదుగా, 'నువ్వు' అనే ఉంది. పిల్లిని నువ్వు అనక మీరు అంటామా? కానీ టీ జోలికి మాత్రం రాకండి. మా మామగారు టీ అన్నారు. పాలు చల్లారితే ఎవడికి బాధ?"

రెండో చరణంలో ఆవిడ కళ్ళ కాటుక గురించీ, కాలి కడియం గురించీ ఉంది. ఒక్క మాట తీయడానికి వీల్లేదు కాబట్టి పిల్లికి కాటుక పెట్టాను. కడియాలు నాలుగు వేశాను. ఏ కాలికి అన్నది కవిగారు చెప్పలేదు.

పని బాగా సాగుతోంది.

మార్చి 14, గురువారం

పదకొండు పేజీల్లో అదే మనిషి, అదే కిటికీ, అదే గ్లాసు. ఏం మార్చాలి? పొద్దున ఉపాయం తట్టింది. టీ రంగు మారాలి. చల్లారిన టీని మళ్ళీ మళ్ళీ కాస్తే చిక్కబడుతుంది కదా. ఏ దశలో ఏ రంగో తెలుసుకోవడానికి నిజంగానే కాచాను. చల్లారనిచ్చాను, మళ్ళీ కాచాను, కాగితం మీద చుక్క వేసి పక్కన అంకె రాశాను. నాలుగోసారికి ఇటుక రంగు. ఏడోసారికి ట్రాము సీటు రంగు. పదకొండోసారి గరిట నిలబడింది.

పారబోయడం ఇష్టం లేక తాగాను.

ఇప్పుడు గుండె పెళ్ళిలో డప్పులా కొట్టుకుంటోంది. అత్త పైనుంచి "ఒరేయ్ ఫిక్రీ, ఏం మాడుతోందిరా?" అని కేకేసింది. కళ అన్నాను. "అయితే కిటికీలు తీసిపెట్టుకో" అంది.

మార్చి 18, సోమవారం

ఈ రోజు నాన్నని వేశాను.

ఏడో గ్లాసు పక్క పేజీ అంతా ఆయనే. హాల్లో ఆఖరి వరస, కుర్చీలోంచి సగం లేచి, ఒక చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి. కండక్టరు టోపీ. ఫొటోలో ఉన్న మీసం. ఫొటోలో నోరు మూసే ఉంటుంది కాబట్టి పళ్ళు నావి పెట్టాను.

నలభై ఆరేళ్ళు ఆ గొంతుకి ముఖం లేదు. ఇప్పుడు దేశంలో ప్రతి పిల్లకీ పిల్లవాడికీ తెలుస్తుంది అది ఎవరో. నేను పెద్దగా ఉద్వేగపడలేదు. కంట్లో రంగు పడింది.

మేడమ్ ఇజ్లాల్‌కి ఎంత నచ్చిందంటే అక్కడికక్కడే ఫేస్‌బుక్‌లో పెట్టింది. కింద రాసింది: "నాది కూడా చల్లారింది అని అరిచిన మనిషి ఇదిగో!"

మార్చి 19, మంగళవారం

పొద్దుటి నుంచి ప్రచురణ ఆఫీసుకి ఫోన్లట. అరిచింది మా నాన్న అని ఆరుగురు. మా తాత అని ముగ్గురు. ఒకావిడ మా అమ్మమ్మ అందట.

పాపం. జనానికి పనీపాటా ఉండదు.

మార్చి 27, బుధవారం

మొత్తం పద్నాలుగు కుటుంబాలు తేలాయి. రోజూ ఎవరో ఒకరు ఫొటో పట్టుకుని ఆఫీసుకి వస్తున్నారు. నన్ను పిలిచి కూర్చోబెడుతున్నారు, మీసాలు సరిచూడడానికి.

ఈ రోజు తంతా ఊరి నుంచి నబీహ్ అనే పళ్ళ డాక్టరు భార్యతో సహా వచ్చాడు. నా బొమ్మ కేసి చూసి, "ఈయన పైవరసలో రెండు పళ్ళు పుచ్చాయి. మా నాన్న పళ్ళు ముత్యాల్లా ఉండేవి. కాబట్టి ఈయన మా నాన్న కాడు" అన్నాడు. అవి నా పళ్ళని చెప్పలేదు.

తర్వాత రిటైర్డ్ జడ్జి లుత్ఫీ గారు. ఎనభై ఎనిమిదేళ్ళు. తండ్రీ కాదు, తాతా కాదు, అరిచింది నేనే అన్నాడు. తలుపు వేయించి గొంతు తగ్గించాడు.

"నాయనా, నా పేరు మాత్రం బయటపెట్టకు. జడ్జి కచేరీలో అరిచాడని తెలిస్తే అప్పట్లో నేనిచ్చిన తీర్పులన్నీ తిరగదోడతారు. కానీ బొమ్మలో నా మీసం ఉండాలి. కుడివైపు కొంచెం పొడుగు."

"అరిచింది మా నాన్నండీ" అన్నాను.

"సాక్ష్యం ఉందా?"

"మా అత్త చెప్పింది."

"అత్త హాల్లో ఉందా?"

బల్ల మీది ఫొటోలు సర్దడం మొదలుపెట్టాను. ఆయన మొహం చూస్తే జవాబు చెప్పాలనిపించలేదు, అంతే.

మార్చి 28, గురువారం

అత్తని అడుగుదామనుకున్నాను. ఆవిడ కాళ్ళ నొప్పులతో ఉంది. మళ్ళీ అడగచ్చు.

ఏప్రిల్ 4, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

హాజ్ మిద్‌హత్ ఆలోచన ఇది. అరిచినవాడి రక్తం పిల్లల గొంతులో ఉంటుంది కదా, అందర్నీ పిలిచి అరిపిద్దాం అన్నాడు. తీర్పరిగా జాబిర్ తాతని తీసుకొచ్చాడు. ఆ రోజు కామిల్ వెనక తబలా వాయించిన మనిషి, ఆ బృందంలో మిగిలింది ఈయనొక్కడే. తొంభై ఒకటి. ఎడమ చెవి వినపడదు.

తాత రాగానే రెండు షరతులు పెట్టాడు. ఒకటి, కేక హాలు వెనక నుంచి వచ్చింది కాబట్టి అరిచేవాళ్ళు వరండా చివర మరుగుదొడ్డి దగ్గర నిలబడాలి. రెండు, వాళ్ళ చేతిలో టీ నిజంగానే చల్లారి ఉండాలి. "వేడి టీ తాగినవాడి గొంతులో ఆ బాధ పలకదమ్మా" అన్నాడు. ఆఫీసులో నాతో కలిపి పదిహేను గ్లాసుల టీ కాచి, కిటికీ గట్టు మీద వరసగా పెట్టి, చల్లారేదాకా నలభై మందిమి కూర్చుని చూశాం. మధ్యలో ఎవరో ఊదబోతే తాత వద్దన్నాడు.

టేపులో పాట వేశారు. ఏడోసారి రాగానే ఆపారు. ఒక్కొక్కరు అరిచారు. కింద చెప్పుల కొట్టువాడు పైకొచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు. జడ్జి గారు లేచి, గొంతు సవరించుకుని, తీర్పు చదివినట్టు "నాది కూడా చల్లారింది" అన్నాడు. ఉస్తాద్ అనడం తన హోదాకి తగదన్నాడు. పళ్ళ డాక్టరు పిల్లికూతలా అరిచాడు. వాళ్ళావిడ, ఊరికే తోడు వచ్చిన మనిషి, ఆయన్ని పక్కకి తోసి, "ఇలా కాదండీ!" అని ఒక్క కేక పెట్టింది.

జాబిర్ తాత కళ్ళు తెరిచాడు. "ఇదీ. దాదాపు ఇదే."

"ఆవిడ మా నాన్నకి కోడలు తాతా, రక్తసంబంధం లేదు!" అన్నాడు డాక్టరు.

"నాకు రక్తాలతో ఏం పని? నేను తబలావాణ్ణి."

నా వంతు చివర. చెప్పాలంటే నేను దీనికోసం పుట్టాను. ఏడేళ్ళప్పటి నుంచి ఆ నాలుగు మాటలు అద్దం ముందు, స్నానాల గదిలో, పెళ్ళిళ్ళలో కొన్ని వేలసార్లు అని ఉంటాను. వరండా చివరికెళ్ళి చల్లారిన గ్లాసు పట్టుకుని అరిచాను.

తాత ఆలోచించనైనా లేదు. "ఈయన్ని కూర్చోమనండి. ఆ గొంతుకీ ఈ గొంతుకీ చుట్టరికం లేదు. అందరిలోకీ దూరం ఈయనే."

"తాతా, మీకు ఒక చెవి వినపడదు కదా" అన్నాను.

"వినపడే చెవితోనే చెప్తున్నా నాయనా."

టీ తాగి గ్లాసు కడిగి పెట్టి వచ్చాను. నాకేం బాధ లేదు.

ఏప్రిల్ 5, శుక్రవారం

నాకేం బాధ లేదు. గొంతు బొంగురుపోయి ఉంది, అంతే. మొన్న దుమ్ముగాలి ఎంత వీచిందని.

ఏప్రిల్ 9, మంగళవారం

హాజ్, మేడమ్ కలిసి రాజీ కుదిర్చారు. పరీక్షలో గెలిచింది డాక్టరు భార్య కాబట్టి ముఖం ఆవిడది. జడ్జి గారికి విద్యాశాఖలో చుట్టాలున్నారు కాబట్టి మీసం ఆయనది, కుడివైపు కొంచెం పొడుగు. టోపీ నాకు వదిలేశారు.

"మీరు మనసు కష్టపెట్టుకోకండి ఉస్తాద్ ఫిక్రీ. టోపీ అంటే మాటలా? బొమ్మలో ముందు కనపడేది టోపీయే" అంది మేడమ్.

వేశాను. మీసమున్న ఆడమనిషి, ట్రాము టోపీ పెట్టుకుని, కడియాలు వేసుకున్న పిల్లి కోసం కాచిన టీ గురించి అరుస్తోంది. చాలాసేపు చూశాను. దీన్ని చూసి ఏ పిల్లలూ నిద్రపోరు.

చించేశాను.

ఏప్రిల్ 14, ఆదివారం

అత్త దగ్గరికి పైకెళ్ళాను. మెట్ల మీద రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఆవిడ ముల్లోఖియా ఆకు కోస్తోంది.

"అత్తా, నాన్న ఆ రోజు ఏ వరసలో కూర్చున్నాడు?"

"ఏ వరసైతే ఏంరా? వెనక వరస."

"టిక్కెట్టు ఎవరిచ్చారు?"

కత్తి ఆగింది. "ట్రాములో ఊరందరికీ టిక్కెట్లు కొట్టాడు మీ నాన్న" అంది. కత్తి పక్కన పెట్టి, "ఆయనకి మాత్రం ఎవడిచ్చాడు" అంది.

నేను కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నానో చూసుకోలేదు, ఆకు మీద కూర్చున్నాను.

"హాల్లో లేడా?"

"ఇంట్లోనే ఉన్నాడు నాన్నా. నీకు తట్టు పోసింది, ఒళ్ళు కాలిపోతోంది. నిన్ను ఒళ్ళో వేసుకుని, కచేరీ రేడియోలో అప్పటికప్పుడు వస్తుంటే పక్కన కూర్చున్నాడు. మీ అమ్మ టీ తెచ్చి పెట్టింది. కదిలితే నువ్వెక్కడ లేస్తావోనని గ్లాసు అందుకోలేదు. అలా చూస్తూ ఉండగానే చల్లారిపోయింది. అటు కామిల్ ఏడోసారి అన్నాడు. మీ నాన్న నోరు తెరిచాడు. నేను చూస్తూనే ఉన్నా, ఏదో అనబోతున్నాడు. ఈలోగా రేడియోలో వాడెవడో అరిచేశాడు. మీ నాన్న నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. తర్వాత రేడియోని కొట్టబోయినట్టు చూసి, 'నాకంటే ముందు అనేశాడు వెధవ!' అన్నాడు. మీ అమ్మా నేనూ నవ్వి నవ్వి చచ్చాం. నువ్వు లేచి ఏడుపు."

"మరి నాకెందుకలా చెప్పావు?"

"మీ అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుని సూయజ్ వెళ్ళిపోయింది, నిన్ను నా దగ్గర వదిలి. ఏడేళ్ళవాడివి. ఒకరోజు 'అత్తా, నాన్న గొంతు గుర్తు రావట్లేదు' అని గోడకేసి తల బాదుకున్నావు. నేనేం చెయ్యనురా? సరిగ్గా అప్పుడే రేడియోలో ఈ పాట. కేక వినపడగానే 'ఇదిగో, ఇదే మీ నాన్న' అనేశాను. నీ ఏడుపు ఠక్కున ఆగింది. రేపు అసలు సంగతి చెప్దాంలే అనుకున్నా." కళ్ళు తుడుచుకుంది, చేతికున్న ఆకు పసరు బుగ్గకి అంటింది. "నలభై మూడేళ్ళయింది. ఆ రేపు రాలేదు."

చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. రేడియోలో అరిచినవాడి మీద అనుకుంటాను.

"ఎలా ఉండేది అత్తా, నాన్న గొంతు?"

"మామిడిపండు రుచి చెప్పమంటే చెప్తావా? అదీ అంతే. వింటే మాత్రం పట్టేస్తాను. చెప్పలేను."

ఏప్రిల్ 15, సోమవారం

రికార్డు వినలేదు.

ఏప్రిల్ 16, మంగళవారం

రికార్డు విన్నాను. ఏడోసారికి ముందే ఆపేశాను. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అరవబోతున్నాడు. నలభై మూడేళ్ళు వాడికి నేను బదులు చెబుతూ వచ్చాను. ఇంటర్లో ఒకసారి తప్పినప్పుడు వాడికే క్షమించమని చెప్పుకున్నాను. వాడి టీ చల్లారితే నాకేం?

రెండు ఫొటోలు, ఒక టోపీ, ఒక చిల్లు పొడిచేది. లెక్క అంతే. ఏడవాలనిపించి ఏడిచాను. రంగు పడలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

పుస్తకం రేపు అచ్చుకెళ్ళాలి. మేడమ్ నాలుగుసార్లు ఫోన్ చేసింది. పొద్దున కూర్చుని ఒక్క పట్టున వేశాను.

హాలుని వెనక నుంచి వేశాను. వేదిక మీద కామిల్ చిన్నగా, దూరంగా. ముందంతా జనం వీపులు. ముఖాల్లేవు, మీసాల్లేవు, పళ్ళు అసలే లేవు. వందల మెడలు. వాటిలో పద్నాలుగు చేతులు పైకి లేచి ఉన్నాయి, ప్రతి చేతిలో ఒక టీ గ్లాసు.

ఇంకో సంగతి. ప్రియుడు కూర్చున్న కిటికీకి ఎదురుగా ఒక మేడ ఉంది కదా, ఏడో గ్లాసు పేజీలో. దానికి ఉట్టి గోడే వేశాను మొదట. ఇప్పుడు ఒక కిటికీ తెరిచాను, గోరంత. లోపల పైజామాలో ఒక మనిషి. పక్కన రేడియో, ముట్టుకోని గ్లాసు. ఒళ్ళో మచ్చలమచ్చల పిల్లవాడు. మనిషి నోరు తెరిచి ఉంది. తలకి టోపీ లేదు, ఇంట్లో ఎవరైనా టోపీ పెట్టుకుంటారా?

మేడమ్ కళ్ళద్దాలు పైకి తోసి చూసింది. "ఈ కిటికీలో ఎవరు?"

"ఆలస్యమైన మనిషి."

"పాటలో లేడే?"

"అదేగా ఆయన బాధ" అన్నాను.

హాజ్ మిద్‌హత్ ప్రియుడి గ్లాసులు లెక్కపెట్టుకున్నాడు, పదకొండు. నీలం పేజీలు లెక్కపెట్టుకున్నాడు, ఆరు. కిటికీలు లెక్కపెట్టలేదు.

ఏప్రిల్ 25, గురువారం

మేడమ్ ఆ మెడల బొమ్మని కూడా ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఇక తంటా మొదలు అనుకున్నాను. పద్నాలుగు ఇళ్ళ నుంచీ ఫోన్లు వచ్చాయి, అన్నీ ఏడుపులే. మా నాన్న మెడ అచ్చంగా దింపారు, మీకెలా తెలుసండీ అని. పళ్ళ డాక్టరు మూడో వరసలో ఎడమనుంచి ఐదోది తమదే అన్నాడు. వాళ్ళావిడ కాదు, ఆరోది అందట. జడ్జి గారు కబురు పంపాడు, మెడని బట్టి ఎవరూ గుర్తుపట్టలేరు కదా, కృతజ్ఞతలు అని.

అందరికీ వాళ్ళ వాళ్ళు దొరికారు. మంచిదే.

ఏప్రిల్ 29, సోమవారం. షమ్మ్ అన్నసీమ్

వసంతం పండుగ. వీధంతా ఉప్పుచేప కంపు, ఉల్లికాడలు, రంగు గుడ్లు. సగం కైరో నైలు గట్టున గడ్డి మీద ఉంది. అత్త కాళ్ళు కదలవు కాబట్టి మేము బాల్కనీల్లోనే పండుగ చేస్తాం, ఆవిడ పైన, నేను కింద, మధ్యలో బుట్ట.

పదకొండు గంటలకి బుట్ట బయల్దేరింది. "జాగ్రత్తగా పట్టుకోరా, కూజాలో టీ కూడా ఉంది" అంది. అదే సమయానికి కింద కాఫీ కొట్టులో రేడియో పెంచారు. పండుగ కదా, ఆ పాటే. మొదట చెవులు మూసుకుందామనుకున్నాను. కానీ కూజా పట్టుకోవాలి, రెండు చేతులూ బుట్ట కోసం చాచి ఉన్నాయి. కామిల్ ఐదోసారి అన్నాడు, ఆరోసారి అన్నాడు. వీధిలో వాళ్ళంతా కబుర్లు ఆపారు. ఏడోసారి అన్నాడు. అలవాటు చావదు, నాకు తెలియకుండానే నోరు తెరిచాను.

ఎదురు బాల్కనీలో ఇస్త్రీ దుకాణం షిహాతా, నోట్లో ఉల్లికాడ పెట్టుకునే, రేడియో కంటే కూడా ముందే అరిచేశాడు. వీధి వీధంతా నవ్వులు.

నా నోరు అలాగే ఉండిపోయింది. ఒళ్ళు మండింది. "నాకంటే ముందు అనేశాడు వెధవ!" అన్నాను.

బుట్ట ఆగిపోయింది.

నా చేతులకి మూరెడు పైన, గాలిలో. ఉల్లికాడలు ఊగుతున్నాయి. లాగుతుందేమో అని చూశాను, లాగలేదు. వదలలేదు.

"అత్తా?"

పైకి చూశాను, తాడు తప్ప ఏమీ కనపడలేదు.

"అత్తా, కాళ్ళు తిమ్మిరెక్కాయా?"

"ఎవర్రా అది?" అంది. ఆవిడ గొంతు ఆవిడది కాదు. "కింద ఎవరు మాట్లాడింది ఇందాక?"

"నేనే అత్తా. ఇంకెవరుంటారు?"

"నువ్వు కాదు. దానికి ముందు. వెధవ అన్నదెవరు?"

"నేనే అన్నాను."

కూజా మూత టకటకా కొట్టుకుంటోంది. రోజూ నా అరుపులూ నా సణుగుళ్ళూ వినే మనిషి, యాభై ఏళ్ళుగా వినే మనిషి.

"మళ్ళీ అను" అంది.

అన్నాను.

"మళ్ళీ."

అన్నాను. పైనుంచి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. వీధిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. షిహాతా మాత్రం తననే తిడుతున్నాననుకుని లోపలికెళ్ళిపోయాడు. మూడోసారి అనేటప్పుడు నేను కూడా విన్నాను. బయటి నుంచి విన్నట్టు విన్నాను. కొంచెం బొంగురు. చివర్లో కొంచెం నవ్వు. ఇంతకాలం ఎవరి గొంతునో పట్టుకుని అద్దం ముందు సాధన చేస్తూ వచ్చాను, ఇది నా గొంతులోనే ఉండగా.

"మళ్ళీ అను నాన్నా" అంటూనే ఉంది అత్త. పదకొండు దాటి ఉంటుంది. హాజ్ మిద్‌హత్ ఉంటే లెక్కపెట్టేవాడు.

చివరికి బుట్ట కిందికి వచ్చేసరికి టీ చల్లారింది. మళ్ళీ కాచాను.